పొద్దున అడవి, సాయంత్రం చెరువు: అనంతగిరి, కోట్‌పల్లిలో చలికాలపు పిట్టల్ని చూసే పద్ధతి

హైదరాబాద్‌కి పడమర సుమారు 75 కి.మీ. దూరంలో వికారాబాద్. ఆ ఊరి పక్కనే మూసీ పుట్టిన అనంతగిరి కొండల అడవి. అక్కడి నుంచి ఇంకో 20 కి.మీ. అటూ ఇటూగా వెళ్తే కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ళు. అడవి పిట్టలు, వలస బాతులు, బురదలో తిరిగే ఉల్లంకులు, ఈ మూడూ ఒక్క రోజులో చూడాలంటే నగరానికి దగ్గర్లో ఇంతకన్నా అనువైన జోడీ లేదని మా అభిప్రాయం. అయినా పొద్దంతా తిరిగి ఇరవై జాతులు కూడా తేల్చుకోలేక వెనక్కి వచ్చేవాళ్ళున్నారు. పిట్టలు లేక కాదు. అడవిలోనూ చెరువు దగ్గరా ఒకేలా తిరగడం వల్ల. అడవిలో చెవులు పని చేయాలి, కాళ్ళు ఆగాలి. చెరువు దగ్గర ఎండ ఎటు పడుతోందో చూసుకుని నిలబడాలి, వచ్చినవాటిని లెక్కపెట్టడం రావాలి.

ఏ నెలలో, ఏ రోజు

వలస పిట్టలన్నీ ఒక్కసారి దిగవు. ఉల్లంకి పిట్టలు ఆగస్టు చివరికే కనిపిస్తాయి, తోకాడించే వాగ్‌టెయిల్స్ సెప్టెంబర్‌లో, బాతులు అక్టోబర్, నవంబర్‌లలో వస్తాయి. అక్టోబర్‌లోనే బాతుల కోసం పరిగెత్తడం అనవసరం. అప్పటికి మగ బాతులు వేసవి ఈకలు రాల్చుకుని ఇంకా పెళ్ళి రంగులకు రాకుండా ఉంటాయి. మగదీ ఆడదీ ఒకే మట్టి రంగులో కనిపించి, కొత్తవాళ్ళు మొదటి రోజే చేతులెత్తేస్తారు. డిసెంబర్ మొదటి వారం నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా సరైన కాలం. రంగులు నిండుగా ఉంటాయి, సంఖ్య కూడా ఎక్కువే.

రోజు ఎంచుకోవడం నెల ఎంచుకున్నంత ముఖ్యం. కార్తీక వనభోజనాల ఆదివారాలు, సంక్రాంతి సెలవులు వదిలేయండి. అనంతగిరి గుడి చుట్టూ జనం, కోట్‌పల్లిలో కయాక్ పడవలు. పడవలు నీళ్ళలోకి దిగితే బాతులు ఎగిరిపోవు, మనిషి చేరలేని అవతలి ఒడ్డుకి జరుగుతాయి. అంతే తేడా, కానీ బైనాక్యులర్‌కి అది చాలా పెద్ద తేడా. మంగళ, బుధవారాలు మేలు.

ఇంకొకటి చాలామంది చూసుకోరు: నీటి మట్టం. వానలు బాగా పడిన ఏడు డిసెంబర్‌లో చెరువు అంచుల దాకా నిండి ఉంటుంది. అప్పుడు బురద అనేదే కనబడదు. బురద లేకపోతే ఉల్లంకులు, ప్లోవర్లు దిగడానికి చోటుండదు. అలాంటి ఏడు కట్ట మీద నిలబడితే కూట్ అనే నల్లటి నీటిపిట్టలూ నీటికాకులూ తప్ప ఏమీ దొరకవు. కట్టకి ఎదురు దిక్కున, శిఖం భూముల (చెరువు నీళ్ళు పరుచుకునే నేల) వైపు, వాగు చెరువులో కలిసేచోట ఎప్పుడూ లోతు తక్కువ. అక్కడ చీలమండ లోతు నీళ్ళు, తడి మట్టి, గడ్డి ఉంటాయి. నిండు ఏడు ఆ కొసకే వెళ్ళాలి. వాన తక్కువైన ఏడు దీనికి తిరగబడుతుంది. జనవరికే బురద చుట్టూ బయటపడి బురద పిట్టలు పండగ చేసుకుంటాయి, లోతు నీళ్ళ బాతులు మాత్రం నడిమధ్యకి పోతాయి. బయలుదేరే ముందు రోజు ఫోన్‌లో ఉపగ్రహ మ్యాప్ తెరిచి కట్ట ఎటుందో, వాగు ఎటు నుంచి వస్తోందో, బండి ఎంతదాకా పోతుందో గుర్తుపెట్టుకోండి. మ్యాప్‌లో కనిపించే నీటి అంచు పాత ఫోటోది కావచ్చు కాబట్టి దాన్ని నమ్మకండి. దారి, దిక్కు మటుకు నమ్మొచ్చు.

అనంతగిరిలో కొంత రిజర్వు అడవి. పొద్దున్నే లోపలికి నడవాలనుకుంటే ముందే వికారాబాద్‌లో అటవీశాఖ వాళ్ళని అడిగి ఎంతవరకు పోవచ్చో తెలుసుకోవాలి. అడగకుండా గేటు పక్క నుంచి దూరడం వద్దు.

సంచిలో ఏముండాలి

బైనాక్యులర్ 8×42 తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25. కంట్లోకి వచ్చే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లు. 10×42లో అది 4.2కి పడిపోతుంది. అడవిలో పొద్దున ఆరున్నరకి చెట్టు నీడలో ఉన్న పిట్ట ఆ తేడాతోనే కనిపిస్తుంది లేదా నల్లటి మచ్చగా మిగిలిపోతుంది. పైగా 10 రెట్ల దాంట్లో చేతి వణుకు కూడా పది రెట్లు. చెరువు ఒక్కటే చూసేవాళ్ళకి 10 పనికొస్తుంది, రెండూ చూసేవాళ్ళకి 8 మేలు.

కొన్న రోజే సరిచేసుకోవాల్సిన పని ఒకటుంది. దీన్ని చేయకుండా ఏళ్ళ తరబడి మసక చూస్తూ తిరిగేవాళ్ళుంటారు. ముందు రెండు గొట్టాలనీ దగ్గరికీ దూరానికీ వంచి, రెండు వలయాలు ఒకే వలయంగా కనిపించేలా పెట్టుకోండి. యాభై అడుగుల దూరంలో ఏదైనా అక్షరాల బోర్డు ఎంచుకుని, కుడి ముందు అద్దానికి చెయ్యి అడ్డుపెట్టి, ఎడమ కంటికి అక్షరాలు పదునుగా వచ్చేదాకా మధ్య చక్రం తిప్పండి. ఇప్పుడు చెయ్యి ఎడమ అద్దానికి మార్చి, మధ్య చక్రాన్ని ముట్టకుండా, కుడి కన్ను దగ్గరున్న చిన్న రింగును తిప్పి కుడి కంటికి పదును తెచ్చుకోండి. ఆ రింగు ఏ గీత మీద ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇక ఎప్పుడూ తిప్పాల్సింది మధ్య చక్రం ఒక్కటే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి దించేయాలి, లేనివాళ్ళు పైకి లాగాలి. కళ్ళజోడుతో కప్పులు పైకే ఉంచితే సొరంగంలో నుంచి చూసినట్టు చుట్టూ నల్లగా ఉంటుంది.

పిట్టని అద్దాల్లో పట్టలేకపోవడం అందరికీ ఉండే ఇబ్బంది. చూపు కిందికి దించి బైనాక్యులర్ వెతుక్కుని, మళ్ళీ పైకి చూస్తే పిట్ట ఉన్న కొమ్మ ఏదో మర్చిపోతాం. చూపు పిట్ట మీద నుంచి తియ్యకుండా, బైనాక్యులర్‌నే కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. ఇంటి దగ్గర కరెంటు తీగ మీది ఏట్రింత (చీలిన తోక నల్ల పిట్ట) మీద వారం రోజులు రోజుకి పది నిమిషాలు సాధన చేస్తే చేతికి అలవాటవుతుంది.

చెరువు కోసం స్పాటింగ్ స్కోప్ (స్టాండు మీద నిలిపి ఒక కంటితో చూసే దుర్భిణి) ఉంటే మంచిదే, నలుగురికి ఒకటి చాలు. 20 నుంచి 60 రెట్ల స్కోప్‌ని 60 దాకా తిప్పేసి చూసేవాళ్ళు ఎక్కువ. ఎండెక్కాక నీటి మీది వేడి గాలి కూడా అన్ని రెట్లూ ఊగుతుంది. 25, 30 మధ్యనే ఉంచండి.

బట్టలు మట్టి రంగో ఆకుపచ్చో. తెల్లచొక్కా వేసుకుంటే చెరువు గట్టు మీద అర కిలోమీటరు నుంచి కనిపిస్తారు. డిసెంబర్, జనవరిలో ఆ కొండల మీద తెల్లవారుజామున చలి బాగానే కొరుకుతుంది, తొమ్మిదిన్నరకి చెమట పడుతుంది. కాబట్టి ఒక్క లావు కోటు కన్నా విప్పుకోగలిగే రెండు పొరలు నయం. నైలాన్ జాకెట్ వద్దు, చెయ్యి ఎత్తినప్పుడల్లా గరగరమంటుంది. ప్యాంటు నున్నటి గుడ్డదైతే ఉత్తరేణి గింజలు తక్కువ అంటుకుంటాయి. ఉన్ని సాక్సులు వేసుకున్నవాళ్ళు ఆ రాత్రంతా గింజలు ఏరుకుంటూ కూర్చోవాలి.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. తిండి చప్పుడు చేయనిది: పులిహోర, చపాతీ, అరటిపళ్ళు. జనవరిలో ఎవరో ఒకరు సకినాల డబ్బా తెస్తారు. తెండి, కానీ అడవిలో తెరవొద్దు. చిప్స్ ప్యాకెట్ సంగతి చెప్పనవసరం లేదు.

ఫోన్‌లో చూసిన పిట్టల జాబితా రాసే ఈబర్డ్, గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లు ముందే దించుకుని, వాటిల్లో మన ప్రాంతం ప్యాక్‌ని కూడా ఇంటి దగ్గరే దించుకోవాలి. అడవిలో సిగ్నల్ పోయాక ప్యాక్ లేని యాప్ ఖాళీ డబ్బా. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పని చేస్తుంది, నడిచిన దారి నమోదవుతుంది, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది.

అడవి: ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర

ముందు అడవికే ఎందుకంటే, చలికాలం పొద్దున చెరువు మీద మంచు పరుచుకుని ఎనిమిది దాటేదాకా ఏమీ కనిపించని రోజులు ఎక్కువ. అడవిలో ఆ బాధ అంత ఉండదు. జనవరిలో ఇక్కడ సూర్యోదయం 6.45 ప్రాంతంలో. ఆరుంపావుకి బండి దిగితే జెముడుకాకి కూత, నెమలి అరుపు, అడవి పైడికంటి (చిన్న గుడ్లగూబ) గొంతు వినొచ్చు. చీకట్లో నడక మొదలుపెట్టొద్దు. చలి పొద్దున్నే రక్తపింజర ఎండు ఆకుల్లో కదలకుండా పడుకుని ఉంటుంది, ఆకు రంగుకీ దాని రంగుకీ తేడా తెలీదు.

మొదటి ఎండ చెట్ల కొసల మీద పడగానే పురుగులు కదులుతాయి, వాటి వెంట పిట్టలూ కదులుతాయి. తూర్పుకి తెరుచుకున్న అడవి అంచున, ఎండ తగిలే చెట్లకి 20, 30 మీటర్ల దూరంలో నిలబడి మొదటి అరగంట అక్కడే గడపండి. లోపలి లోయలో ఎనిమిది దాకా చలిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. కొత్తవాళ్ళు నేరుగా లోయలోకే దిగి, అడవి ఖాళీ అనుకుంటారు.

నడక గంటకి ఒక కిలోమీటరు మించొద్దు. మూడు గంటల్లో రెండు కిలోమీటర్లు నడిస్తే ఎక్కువే నడిచినట్టు. ముప్పై అడుగులు వేసి రెండు నిమిషాలు ఆగాలి. జనవరి దాటాక టేకు ఆకులు రాలి బాట నిండుతుంది. ఒక్కో ఆకు అప్పడంలా విరుగుతుంది, ఆ చప్పుడుకి మీ ముందున్న పిట్ట ఎటూ పోదు గానీ మీకు దాని గొంతు వినబడకుండా పోతుంది. బండిబాట మధ్య మట్టి మీద నడవండి. ఆకుల్లోనే పోవాల్సి వస్తే నలుగురూ ఒకేసారి ఆగండి, ఒకేసారి కదలండి. గుంపు ఆరుగురికి మించితే రెండుగా చీలండి.

ఇక చలికాలపు అడవి అసలు రహస్యం కలగలుపు గుంపులు. ఇరవై నిమిషాలు ఒక్క పిట్ట ఉండదు. ఉన్నట్టుండి ఒక చెట్టు చుట్టూ పది పన్నెండు జాతులు చేరతాయి. చిన్న మినివెట్లు, అయోరాలు, బూడిద టిట్, విసనకర్ర తోక ఫాన్‌టెయిల్, ఉడ్‌ష్రైక్, రెండు మూడు వార్బ్లర్లు, వెనకాలే వడ్రంగి పిట్ట, వీటన్నిటినీ కనిపెట్టుకుని ఏట్రింత. ఎన్ని కళ్ళుంటే షిక్రా డేగ అంత తొందరగా కనబడుతుంది, ఒకటి కదిలిస్తే లేచిన పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది, అందుకే కలిసి తిరుగుతాయి. గుంపు దొరికినప్పుడు చేసే తప్పు దాని వెనకాల పరుగు. అది ఏ వైపుకి జరుగుతోందో ఒక నిమిషం చూసి, బాట మీద దానికి ముందు ఇరవై అడుగుల దూరం పోయి నిలబడండి. గుంపే మీ తల మీదుగా వస్తుంది. మొదట చెట్టు కొసలు, తర్వాత మధ్య కొమ్మలు, చివర మొదలు, ఈ వరసలో చూడండి. మినివెట్లు, అయోరాలు పైనే ఉంటాయి, వడ్రంగి పిట్ట మానుకి అతుక్కుని ఉంటుంది, పోయేవి పైనున్నవే ముందు. తేలిగ్గా గుర్తుపట్టగలిగినవాటి మీద కాలం ఖర్చు పెట్టకండి. ఎప్పుడూ ఉండే పికిలిపిట్ట మీద బైనాక్యులర్ పెట్టి కూర్చుంటే, నెలల తరవాత దొరికిన కొత్తది దాటిపోతుంది.

గొంతుల సంగతి. చలికాలంలో పాటలు తక్కువ, పిలుపులు ఎక్కువ. నాలుగు పిలుపులు ముందు నేర్చుకుంటే సగం పని అయినట్టే. చెట్టు పైన ఆకుల్లో నుంచి 'చిస్‌లీ' అని రెండు ముక్కల్లో పదే పదే వినిపిస్తే గ్రీనిష్ వార్బ్లర్. పొద కింద నుంచి నాలుక చప్పరించినట్టు 'టక్... టక్' అంటే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. అది పొదలోంచి బయటికి రావడం కోసం ఎదురుచూడటం దండగ, గొంతే చాలు. కంసాలి పిట్ట సుత్తి దెబ్బలు ఎవరికీ చెప్పక్కర్లేదు, ఫిబ్రవరి నుంచి పెరుగుతాయి. నాలుగోది తెలుసుకోవడమే కొంచెం చూపు తిరగాల్సిన పని.

గొంతు కింద నారింజ మచ్చ ఉన్న రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, దాని అన్నదమ్ముడు టైగా ఫ్లైక్యాచర్. ఆడవి, చిన్నవి ఒకేలా ఉంటాయి, రెండూ తోక ఎత్తి కొడుతుంటాయి. తేడా ముక్కులో ఉంది: కింది దవడ మొదట్లో లేత రంగు కనిపిస్తే రెడ్-బ్రెస్టెడ్, ముక్కు మొత్తం నల్లగా ఉంటే టైగా. ఇంకో తేడా తోక మొదట్లో పైనుంచి కప్పే ఈకల్లో. టైగాలో అవి తోకకన్నా నల్లగా, బొగ్గులా ఉంటాయి. గొంతులో కూడా తేడా వినిపిస్తుంది. టైగాది పురుగు గీపెట్టినట్టు ఎండిన, వేగమైన 'ట్ర్ర్ర్', రెడ్-బ్రెస్టెడ్‌ది అక్షరం అక్షరం విడివిడిగా వినిపించే నెమ్మదైన గలగల. మన పడమటి జిల్లాల్లో రెడ్-బ్రెస్టెడ్ మామూలు. టైగా అనుకుంటే ముక్కు ఫోటో ఉండాల్సిందే.

నీలం ఫ్లైక్యాచర్లలో గందరగోళం తక్కువే. నీడలో, మనిషి ఎత్తున, రొమ్ము నారింజ ఉంటే టికెల్స్, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. ఒళ్ళంతా నీలిపచ్చ, కంటి ముందు నల్ల మచ్చ, ఎండు కొమ్మ కొసన బయటే కూర్చుంటే వెర్డిటర్, చలికాలపు చుట్టం. తోకపిగిలిపిట్ట మగది తెల్లగా, రిబ్బన్ తోకతో దాటిపోతే అందరూ అరుస్తారు. ఆ అరుపు ఆపుకోవడం కష్టమని తెలుసు, అయినా చేత్తో చూపించండి.

నేలని మర్చిపోకండి. ఎండు ఆకుల్లో ఒక్కో ఆకు తిరగేసినట్టు 'ఫట్... ఫట్' చప్పుడు వస్తే ఉడుత అని వదిలేయకుండా ఆగండి. నారింజ తల త్రష్ ఆకులు తిరగేస్తూ తింటుంది. మర్రి, రావి, మేడి పండి ఉంటే ఆ చెట్టు కింద అరగంట నిలబడినా నష్టం లేదు, పచ్చ పావురాలు, హార్న్‌బిల్ వస్తాయి. జనవరి చివరి నుంచి బూరుగ, ఆ తర్వాత మోదుగ పూస్తే గులాబీ గోరింకల గుంపులు, లీఫ్‌బర్డ్‌లు అక్కడే. లీఫ్‌బర్డ్‌తో జాగ్రత్త: అది ఏట్రింతలా, డేగలా, పికిలిపిట్టలా అన్నిటి గొంతులూ పలుకుతుంది. మెర్లిన్ దాన్ని విని నాలుగు జాతుల పేర్లు చూపిస్తుంది, కొమ్మ మీద ఉన్నది ఒక్కటే. మెర్లిన్ పేరు చెబితే అది ఎటు చూడాలో చెప్పిందని అనుకోండి, చూశాకే రాసుకోండి.

ఫోన్‌లో పిట్ట గొంతు పెట్టి పిలవడం, పైడికంటి గొంతుతో చిన్న పిట్టల్ని రప్పించడం వద్దు. వచ్చిన ప్రతి పిట్టా మేత వదిలి వస్తుంది. చలి పొద్దున్నే మొదటి గంట మేత వాటికి రాత్రి ఖర్చైన కొవ్వును తిరిగి పూడ్చుకోవడానికి. ఏట్రింతలు, చిన్న పిట్టలు తమంతట తామే ఒకచోట చేరి గోల చేస్తుంటే అక్కడికి పోయి చూడండి, మధ్యలో నిజమైన పైడికంటో పామో ఉంటుంది.

చెట్లకీ బండరాళ్ళకీ పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. సెంటు పూసుకోకండి, వాటి కింద బీడీ, మంట, కేకలు వద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని పరిగెత్తాలి, నీళ్ళలో మునగడం పనికిరాదు. వాహనంలోకి చేరితే అద్దాలు మూసేయండి. అవసరమైతే 108.

మధ్యాహ్నం

పదకొండు నుంచి మూడు దాకా అడవిలో పిట్టలు ఆకుల్లో కూర్చుంటాయి, చెరువు మీద వేడి గాలి ఊగుతుంది. భోజనం చేసి చెరువు వైపు పొలాల దారిలో పొండి. ఇది కంది, శనగ పండే నేల, పక్కనున్న తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బీడు, చేలు కలిసినచోట కరెంటు తీగ మీద పాలపిట్ట, తీగల కింద బీడు మీద తక్కువ ఎత్తులో, రెక్కలు 'వి' అక్షరంలా పైకెత్తి ఊగుతూ తిరిగే డేగ కనిపిస్తే హారియర్. బండి దిగకుండా కిటికీ లోంచే చూడండి. పిట్టలకి బండి భయం లేదు, బండిలోంచి దిగే మనిషి భయం.

చెరువు: మూడున్నర నుంచి చీకటి దాకా

చెరువు దగ్గర మొదటి ప్రశ్న ఒకటే, ఎండ ఎటుంది. సాయంత్రం పడమటి ఒడ్డున నిలబడి తూర్పుకి చూడాలి. అప్పుడు ఎండ మీ వీపు మీద, పిట్టల ఒంటి మీద పడుతుంది. ఎదురెండలో చూస్తే బాతులన్నీ నల్ల బొమ్మలు. పొద్దున చెరువుకి పోయే పని పడితే దిక్కు తిప్పేయండి, తూర్పు ఒడ్డు నుంచి పడమరకి.

ఒడ్డుకి నేరుగా నడుచుకుంటూ పోకండి. గుంపుకి 150 మీటర్ల దూరంలో ఆగి మొదటి చూపు, లెక్క అక్కడే పూర్తిచేయండి. తర్వాత ఏటవాలుగా, ఆగుతూ దగ్గరవండి. బాతులు మెడలు నిటారుగా ఎత్తి అన్నీ ఒకే దిక్కు ఈదడం మొదలుపెడితే అది మీకు గీత. ఇంకో రెండడుగులు వేస్తే గుంపు లేస్తుంది. లేచినవి చెరువు చుట్టూ తిరిగి అవతల దిగుతాయి, మీరు లెక్కపెట్టినవే అక్కడున్నవాళ్ళు మళ్ళీ లెక్కపెడతారు.

వలలు వేసుకునే బెస్తవాళ్ళని పలకరించండి. "అన్నా, తలకాయ మీద నల్ల గీతలున్న పెద్ద బాతులు ఏ దిక్కు దిగుతున్నయి?" అని అడిగితే, బార్-హెడెడ్ గూస్ అనే పేరు వాళ్ళకి తెలియకపోయినా అది రాత్రి ఏ పొలంలో మేసి పొద్దున ఎటు వస్తుందో చెప్తారు. హిమాలయాలు దాటి వచ్చే బాతు అది. వలల్లోకి నడవడం, వలల మీది నుంచి స్కోప్ కాళ్ళు పెట్టడం వద్దు, వాళ్ళకి అది బతుకు.

బురద. పైన ఎండి పెచ్చులు లేచిన నల్లరేగడి కింద మోకాటి లోతు మెత్తగా ఉంటుంది. ఐదడుగుల కర్రతో పొడిచి, అది జానెడు కన్నా ఎక్కువ దిగితే ఆ అడుగు వేయకండి. పశువుల డెక్కల గుర్తులున్న దారిలో పొండి. కాలు కూరుకుపోతే లాగకండి, వెనక్కి కూర్చుని, బరువు పిర్రల మీద వేసి, కాలుని నెమ్మదిగా ఊపుతూ తియ్యాలి. బూటు పోతే పోయింది.

బాతుల్ని ముందు తినే తీరుతో రెండుగా విడగొట్టండి. తల నీళ్ళలో ముంచి తోక పైకెత్తేవి అంచున లోతు తక్కువలో ఉంటాయి: షవలర్, పిన్‌టెయిల్, గార్గనీ, గాడ్వాల్, ఇక్కడే ఉండే స్పాట్-బిల్డ్. ఒళ్ళంతా మునిగి వేరేచోట తేలేవి నడిమి నీళ్ళలో: పోచార్డ్‌లు. ఈ ఒక్క గీతతో సగం పేర్లు కొట్టేయొచ్చు. ఆడ బాతుల్లో ముక్కు చూడండి. పార లాంటి వెడల్పు ముక్కు షవలర్. ముఖం మీద చారలు కొట్టొచ్చినట్టుంటే గార్గనీ. ముఖం సాదాగా, మెడ పొడుగ్గా, ముక్కు బూడిదగా ఉంటే పిన్‌టెయిల్. ముక్కు పక్కలు నారింజగా, రెక్క మూసినప్పుడు తెల్ల ముక్క తొంగిచూస్తే గాడ్వాల్. నుదుటి మీద తెల్ల నామం పెట్టుకున్న నల్లటి కూట్ బాతు కాదు, నీటికోళ్ళ కుటుంబం. బాతులతో కలిపి లెక్కవేయకండి.

బురద మీద కష్టపెట్టే ముగ్గురు ఉల్లంకులు: కామన్, గ్రీన్, వుడ్. నిలబడి ఉన్నప్పుడు భుజం ముందు నుంచి తెల్లటి గీత పైకి దూసుకొస్తే, తోక ఆపకుండా ఊపుతుంటే కామన్. వీపు ముదురు, చుక్కలు లేనట్టే చిన్నగా, కంటి మీది తెల్ల గీత కన్ను దాటకపోతే గ్రీన్. వీపు నిండా పెద్ద చుక్కలు, తెల్ల గీత కన్ను దాటి వెనక్కి పోతే, కాళ్ళు పసుపు ఛాయలో ఉంటే వుడ్. అనుమానం మిగిలితే అది ఎగిరేదాకా ఆగండి, ఎగిరితే దాపరికం ఉండదు. గ్రీన్ రెక్క అడుగు నల్లగా, తోక మొదలు తెల్లగా మెరిసి, 'ట్లూఈట్-విట్-విట్' అని గట్టిగా పిలుస్తూ ఎత్తుకి లేస్తుంది. వుడ్ రెక్క అడుగు లేత రంగు, పిలుపు 'చిఫ్-ఇఫ్-ఇఫ్'. కామన్ నీటికి అంటుకున్నట్టు తక్కువలో, రెక్కలు బిగబట్టి కొట్టుకుంటూ పోతుంది. ప్లోవర్లలో కంటి చుట్టూ పసుపు వలయం ఉన్నది లిటిల్ రింగ్డ్, రొమ్ము పట్టీ మధ్యలో తెగిపోయి కాళ్ళు నల్లగా ఉన్నది కెంటిష్.

తుంగలో వాగ్‌టెయిల్స్, గొంతు నీలంగా ఉన్న బ్లూథ్రోట్ కోసం అరగంట కేటాయించండి. నీళ్ళలో పాతిన కొయ్యల మీద ఓస్ప్రే కూర్చుంటుంది, పెద్ద గద్ద అని దాటేయకుండా కంటి మీదుగా నల్ల పట్టీ చూసుకోండి. దాని కింద చేప ఉందో లేదో కూడా.

లెక్క

"వందల కొద్దీ బాతులు" అన్నది లెక్క కాదు. గుంపు ఎడమ కొసన పది పిట్టల్ని ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత చోటు పట్టాయో కళ్ళతో కొలుచుకోండి. ఆ ముక్కని గుంపు మీద పక్కపక్కన పరుచుకుంటూ పొండి. మూడొందలు దాటితే యాభై ముక్క. గుంపు నడుమ వత్తుగా, కొసల్లో పల్చగా ఉంటుంది కాబట్టి నడుమకీ కొసకీ వేరే ముక్కలు తీసుకోవాలి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి. రెండూ ఐదో వంతు కన్నా ఎక్కువ తేడా వస్తే మూడోసారి. తర్వాత జాతుల వాటా: వరసగా వంద బాతుల్ని చూసి ఎన్ని షవలర్లో, ఎన్ని పిన్‌టెయిల్స్‌లో రాసుకుని మొత్తానికి ఆ పాళ్ళు కట్టండి. నీటి పక్షుల్ని జనవరిలో లెక్కించే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ 1987 నుంచి ఇలాంటి నేల లెక్కల మీదే నడుస్తోంది, మీ అంకె పనికిరాదని అనుకోవద్దు.

ఈబర్డ్‌లో అడవి జాబితా వేరు, చెరువు జాబితా వేరు. రెండింటినీ ఒకే దాంట్లో కలిపితే షవలర్ కొండ మీద ఉన్నట్టవుతుంది. నడిచిన జాబితా అయితే దూరం రాయాలి, ఒకేచోట నిలబడితే 'స్టేషనరీ' ఎంచాలి. గుర్తుపట్టినవన్నీ రాశారా అన్న ప్రశ్నకి 'అవును' అనాలంటే కాకి, గోరింక, పావురం కూడా ఉండాలి. మీకు పేరు తెలియని వుడ్ లాంటి ఉల్లంకిని ఊహించి వుడ్ అని రాయకండి, 'ఉల్లంకి జాతి' అనే ఎంపిక ఉంది. యాప్ లెక్క ఎక్కువని హెచ్చరిస్తే అంకె తగ్గించకండి, ఎలా లెక్కపెట్టారో వ్యాఖ్యలో రెండు వాక్యాలు రాయండి.

ఆరు దాటాక వెలుగు పోతుంది. ఆ చివరి ఇరవై నిమిషాల్లో వాగ్‌టెయిల్స్ ఒక్కొక్కటే తుంగలోకి దిగుతుంటాయి, చీకటి కొంగలు 'క్వాక్' అంటూ ఎదురు దిశలో బయలుదేరతాయి. తుంగకి ఒక పక్కన కూర్చుని దిగేవాటిని నిమిషానికి ఎన్నో రాసుకుంటూ, టార్చి వేయకుండా ఉండండి. బైనాక్యులర్‌ని చలిలోంచి నేరుగా వెచ్చటి కారులో పెడితే అద్దాల మీద ఆవిరి పడుతుంది, సంచిలోనే మూసి ఉంచి ఇంటికొచ్చాక గంట ఆగి తీయండి. దుమ్ము ముందు ఊది, మెత్తటి బ్రష్‌తో దులిపి, చివర్న మాత్రమే గుడ్డ. పొడి దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దితే పూత గీతలు పడుతుంది. ఆ రాత్రికి సిలికా జెల్ సంచి పక్కన, డబ్బాలో పెట్టి మూత బిగించండి.